చేప వేషం, బైరాగి వేషం

మే నెల మూడో ఆదివారం. శాన్‌ఫ్రాన్సిస్కోలో హేస్ వీధి ఎత్తు మీద మనవణ్ణి భుజాల మీద కూర్చోబెట్టుకుని నిలబడ్డాను. ఆ రోజు అక్కడ బే టు బ్రేకర్స్ పరుగు. 1912 నుంచీ జరుగుతోంది. అఖాతం ఒడ్డున మొదలై పన్నెండు కిలోమీటర్లు సాగి పసిఫిక్ సముద్రం దగ్గర ఆగుతుంది. వేలమంది పడమరకు పోతుంటే, వాళ్లకు ఎదురుగా కొందరు తూర్పుకు వస్తున్నారు. ఆ ఎదురొచ్చేవాళ్లందరూ సాల్మన్ చేప వేషాల్లో ఉన్నారు. ఆ చేప గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఏటికి ఎదురీదుతుంది కదా, అదీ సంగతి. ముందు వస్తున్నాయనకు నా వయసే ఉంటుంది. చెమటకు తడిసిన గుడ్డ ఒంటికి అతుక్కుపోయింది, ఒకవైపు రెక్క కుట్టు ఊడి వేలాడుతోంది. రొప్పుతూనే వస్తున్నాడు. నాకు ఒళ్లు జలదరించింది. ఈ మనిషిని నేను ముందే చూశాననిపించింది.

చూసింది తిరుపతిలో. మా ఇల్లు తాతయ్యగుంట పక్కనే. గంగమ్మ జాతరకు చాటింపు వేశాక ఊరివాళ్లు రాత్రిపూట పొలిమేర అవతల ఉండకూడదు. నాకు ఆరేళ్లప్పుడు అవ్వ నన్ను పెరట్లో నిలబెట్టి, నామకొమ్ము అనే తెల్లసుద్ద అరగదీసి నెత్తి నుంచి పాదాల దాకా పూసింది. ఆరేకొద్దీ చర్మం బిగుసుకుంది. నవ్వితే బుగ్గల మీద పొర పగిలింది. మెడలో రెల్లకాయల దండ, చేతిలో వేపమండ. “ఇప్పుడు నువ్వు మా పిల్లోడివి కాదురా, అమ్మ బైరాగివి” అంది. ఆ తర్వాత కుంకుమ పూసుకునే బండ వేషం, బొగ్గు పూసుకునే తోటి వేషం. ఆ వేషాల్లో ఎవరినైనా బూతులు తిట్టొచ్చు. వడ్డీకి అప్పులిచ్చే ఒక షావుకారు, తన అరుగు మీదే తిట్లన్నీ విని చేతులు జోడించడం నేను కళ్లారా చూశాను.

అమ్మవారే వేషాలు మార్చి మార్చి, దాక్కున్న పాలెగాణ్ణి బయటికి రప్పించి తల నరికిందని కథ. కాబట్టి మా వేషాలకు దేవత ఉంది. మరి ఈ చేపలకు ఎవరున్నారు? దైవం లేని వేషం ఉత్త అల్లరేనా? చాలా రోజులు ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

చేపల పరుగు మొదలుపెట్టింది కాకోఫనీ సొసైటీ అనే బృందం. దాని మూలం 1977లో ఉంది. గ్యారీ వార్న్, మరో ముగ్గురు మిత్రులు ఒక తుపాను రాత్రి గోల్డెన్ గేట్ వంతెన కింద ఫోర్ట్ పాయింట్ దగ్గర గొలుసు పట్టుకుని నిలబడ్డారు, అలలు మీద విరుచుకుపడుతుంటే. బతికి బయటపడ్డాక సూయిసైడ్ క్లబ్ పెట్టారు. ఆ పేరు స్టీవెన్‌సన్ కథల్లోది. చావుభయాన్ని ఎదురుగా చూసి బతకాలన్నది వాళ్ల పట్టుదల. అది ఆగిపోయాక, పాత సభ్యులు కొందరు 1986లో కాకోఫనీ మొదలుపెట్టారు. దానికి నాయకుడు లేడు. మీరు ఇప్పటికే ఇందులో సభ్యులై ఉండవచ్చు అన్నది వాళ్ల నినాదం. అది విన్నప్పుడు నాకు కంఠచామీకర న్యాయం గుర్తొచ్చింది. మెడలోనే ఉన్న గొలుసు కోసం ఇల్లంతా వెతికినట్టు, మనం అయి ఉన్నదాన్ని బయట వెతుక్కుంటాం. కొత్తగా చేరాల్సింది లేదు, తెలుసుకోవడమే మిగిలింది. అద్వైతం చెప్పేదీ అదే.

వేషం ‘నేను ఫలానా’ అన్న పట్టును సడలిస్తుంది. వేసినవాడిలోనే కాదు, తిట్లు తిన్న షావుకారులోనూ. ఆ సడలింపు జరిగిన చోట దేవత పేరు పలికారా లేదా అని నేనిక అడగను. హేస్ వీధిలో రొప్పిన ఆ మనిషి చేసింది భక్తే అంటాను.

అన్ని వేషాలూ అలాంటివి కావు. 1994లో ఈ కాకోఫనీ వాళ్లే శాంటా వేషాలతో ఊరి మీద పడ్డారు, క్రిస్మస్ వ్యాపారాన్ని వెక్కిరించడానికి. ఇప్పుడు అది ఎన్నో నగరాల్లో బారు నుంచి బారుకు తాగుతూ తిరగడంగా మారింది. ఎర్రకోటు చాటున ఎవడు ఏం చేసినా తెలియదు. అది వేషం కాదు, ముసుగు.

ఇంకొకటి, వేషం దించుకోవడం. మేము దండనూ వేపమండనూ అమ్మ గుడిలో వదిలి వచ్చేవాళ్లం. చివరి రాత్రి మట్టితో విశ్వరూపం చేస్తారు, తెల్లవారుజామున అమ్మ చెంప నరుకుతారు, ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. శాన్‌ఫ్రాన్సిస్కోలోనూ ఇలా వదిలేసే బొమ్మ ఒకటుంది. బేకర్ బీచ్‌లో కాల్చే కొయ్యబొమ్మను 1990లో పోలీసులు ఆపితే, కాకోఫనీ వాళ్లు నెవాడా ఎడారికి తీసుకుపోయి కాల్చారు. ఆ ఏడు వెళ్లింది వందమంది లోపే. అదే ఇవాళ్టి బర్నింగ్ మ్యాన్. ఇప్పుడు డెబ్బై వేలమంది, వందల డాలర్ల టికెట్టు. గంగమ్మ మట్టికి ఇప్పటికీ వెల లేదు. ఈ ఒక్క విషయంలో మా ఊరే పెద్దదంటాను.

తిరుపతిలో ఉన్న నా వాళ్లకు ఒక్క మనవి. ఎండనీ, ట్యూషననీ చెప్పి పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టకండి. జాతరలో ఒక్కరోజైనా నామకొమ్ము పూసి పంపండి.