జేబులో గింజలు

ఏప్రిల్ వచ్చిందంటే బస్తర్‌లో మా కొంటా చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరికీ తీరిక ఉండదు. ఇప్పపువ్వు రాలడం ఆఖరికొస్తుంది, దాని వెనకే తునికాకు కోత మొదలవుతుంది. 2025 ఏప్రిల్ 12న ఖమ్మం దగ్గర రెడ్డిపల్లిలో వనజీవి రామయ్య గారు పోయారన్న కబురు ఆ హడావుడిలోనే వచ్చింది. అసలు పేరు దరిపల్లి రామయ్య. ఎనభై దాటిన మనిషి. 2017లో పద్మశ్రీ ఇచ్చారు కాబట్టి పోయిన రోజున ప్రధానమంత్రి దాకా అందరూ సంతాపం చెప్పారు. మాకు మాత్రం ఆయన ఎక్కడో దూరపు పెద్దమనిషి కాదు. 2014లో ఖమ్మం జిల్లా నుంచి చింతూరు లాంటి మండలాలు ఆంధ్రలో కలిసేదాకా, కొంటా దాటి చింతూరు వైపు పోతే అడుగు పెట్టేది ఖమ్మం జిల్లాలోనే.

కోటి మొక్కలు నాటిన మనిషని ఆయన పేరు. నేను ఊరికే ఒక లెక్క వేసి చూశాను. రోజుకు వంద చొప్పున, ఒక్క రోజు కూడా ఆగకుండా నాటినా కోటి కావడానికి 270 ఏళ్ళు దాటుతుంది. గుంట తీసి మొక్క పెట్టి నీళ్ళు పోసే లెక్కలో అది ఒక మనిషికి అందే పని కాదు. చల్లిన గింజల్ని కూడా కలుపుకుంటేనే ఆ మాట కుదురుతుంది. ఆయన గొప్పతనం తగ్గించాలని కాదు ఇది చెప్పడం. ఆయన తెలివి ఎక్కడుందో నాకు ఈ లెక్కలోనే దొరికింది.

మొక్కలు నాటాలంటే నర్సరీ కావాలి, సంచులు కావాలి, మోసుకుపోవడానికి బండి కావాలి. గింజకు జేబు చాలు. ఎండాకాలమంతా చెట్ల కింద తిరిగి కాయలు ఏరడం, గింజలు తీసి ఆరబెట్టడం, వానలు పడగానే సైకిలెక్కి కాలువ గట్లకూ రోడ్డు పక్కలకూ పోవడం. మధ్యలో ఎక్కడ ఖాళీ నేల కనబడితే అక్కడ దిగిపోవడం. దీనికి మంజూరు అక్కర్లేదు, ప్రారంభోత్సవం అక్కర్లేదు. మొలిచినవాటిలో ఎన్నో పోతాయి. పోతాయని తెలిసే అన్ని గింజలు చల్లారనుకుంటాను.

ప్రచారమూ అలాగే, చేతికి దొరికినదానితోనే. జనం పారేసిన రేకులు, డబ్బా మూతలు తెచ్చి, రంగు పూసి, వాటిమీద చెట్ల గురించి మాటలు రాసేవారు. చెట్టును మనం కాపాడితే చెట్టు మనల్ని కాపాడుతుందనే సంస్కృత వాక్యం రాసిన గుండ్రటి పలకను ఒంటిమీద వేసుకుని తిరిగేవారు. చూసినవాళ్ళు పిచ్చోడన్నారు, నవ్వారు. నవ్వేవాడు కూడా ముందు ఆ పలక చదివే నవ్వాలి కదా!

ఒకసారి మొక్కలకు నీళ్ళు పోస్తుంటే ఎవరో బైకుతో గుద్దేశారు. కాలు దెబ్బతిని ఆసుపత్రిలో ఉండి కూడా, కేసు వద్దు, ఆ మనిషితో వంద మొక్కలు నాటించమన్నారట. చిన్న చిన్న తగాదాలకే కోర్టు చుట్టూ తిరిగే మనవాళ్ళను చూసినప్పుడల్లా ఆ వంద మొక్కల శిక్ష గుర్తొస్తుంది నాకు.

ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. ఊరికి మేలు చేసినవాళ్ళ ఇళ్ళలో ఆ మేలు ఖర్చు ఎవరో ఒకరు నోరెత్తకుండా మోస్తుంటారు, సాధారణంగా భార్య. ఉన్న కాస్త పొలమూ గింజలకోసం అమ్మేశారని రామయ్య గారి గురించి మెచ్చుకోలుగా చెబుతారు. ఆ మెచ్చుకోలు నాకు తేలిగ్గా మింగుడుపడదు. మా ఊళ్ళో ఎవరైనా ఆ పని చేస్తానంటే ముందు వద్దనే అంటాను. కానీ ఆయన భార్య జానమ్మ గారు ఆ పనికి దూరంగా నిలబడి భరించిన మనిషి కాదు. గింజలు ఏరిన చేతుల్లో ఆమెవీ ఉన్నాయి. మనుమరాళ్ళకు వనాల పేర్లూ పూల పేర్లూ పెట్టుకున్న ఇల్లది. ఆయన పిచ్చి ఇంటిల్లిపాదిదీ అయింది. అది జరక్కపోతే ఇన్నేళ్ళు సాగేది కాదు.

ఇక మా సంగతి. బస్తర్ అడవిలో ఇప్పచెట్లు ఎవరూ నాటినవి కావు. తాతల కాలం నుంచి ఫలానా చెట్టు ఫలానా ఇంటివాళ్ళదని వాడుక. అడవిలో ఉన్నా సరే, ఆ చెట్టు కింద పువ్వు పక్కింటివాడు ఏరడు. ఎంత చక్కటి ఏర్పాటో! అయితే పువ్వు కనబడాలని చెట్టు కింద రాలిన ఆకుకు నిప్పు పెడతారు. ఆ నిప్పుకు ఆకుతోపాటు మొలకలూ మాడిపోతాయి. తర్వాత రాలే గింజల్నేమో నూనెకోసం ఏరుకుంటాం, సంతలో అమ్ముకుంటాం. అందుకే ఎటు చూసినా ముసలి చెట్లే, పిల్ల చెట్టు కనబడటం అరుదు. ఈమధ్య కొన్నిచోట్ల చెట్టు కింద వలలు కట్టి పువ్వు పడుతున్నారు. మట్టి అంటని పువ్వుకు ధర ఎక్కువ, నిప్పు అవసరమూ ఉండదు. ఇలాంటి ఉపాయం రామయ్య గారికి నచ్చి ఉండేది.

ఇక ఆయనలా గింజలు నాటుదామంటే, ఇప్పగింజ చింతగింజలాంటిది కాదు. దాచి వచ్చే ఏడు నాటుదామంటే కుదరదు. రాలిన కొద్ది వారాల్లోనే మొలిచే సత్తువ పోతుంది. అది రాలేదీ జూన్, జులైలలోనే, సరిగ్గా వానలతో పాటు. కాబట్టి చేయాల్సింది పెద్ద పనేం కాదు. సంతకు పోయే బుట్టలోంచి ఒక గుప్పెడు తీసి అదే వారం పాతిపెట్టడం, చుట్టూ ముళ్ళకంప వేయడం, రెండు మూడు ఎండాకాలాలు అక్కడ నిప్పు పెట్టకుండా చూసుకోవడం. పూత పట్టడానికి పదేళ్ళ పైనే పడుతుంది. డెబ్బై ఏళ్ళు దాటాక కూడా గింజలు చల్లిన మనిషిని చూశాక, అంత కాలం ఎవరు ఆగుతారని అడగడానికి నాకు నోరు రాదు.

అసలు చిక్కు వేరే ఉంది. రామయ్య గారు నాటినవి ఎక్కువగా రోడ్డు పక్కన, కాలువ గట్టున. అవి ఎవరివి అనే ప్రశ్నే ఆయనకు రాలేదు. ఇక్కడ ప్రతి ఇప్పచెట్టుకూ ఒక ఇల్లుంది. కొత్తగా మొలిచిన చెట్టు ఎవరిది? పాతినవాడిదా, ముళ్ళకంప వేసినవాడిదా, ఆ పక్కనున్న పాత చెట్టు ఇంటివాళ్ళదా? నన్నడిగితే దాన్ని ఏ ఇంటికీ రాయకూడదు, ఆ ఏడు ఎవరికి కష్టమొస్తే వాళ్ళు ఏరుకోవాలి. ఊరు ఒప్పుకుంటుందో లేదో మరి. గింజలు రాలకముందే పెద్దల ముందు ఈ మాట ఎత్తాలి.