వనప్రతిష్ఠ ఫలం ఎవరికి?

చెరువు, నిధి, అగ్రహారం, దేవాలయం, కృతి, కన్న సంతానం అనే వాటితో పాటు వనాన్ని కూడా సప్తసంతానాల్లో ఒకటిగా, అంటే మనిషి పోయాక అతని పేరు నిలిపేవాటిలో ఒకటిగా, మన పూర్వులు లెక్కించారు. అయితే తోట ఊరందరిదీ అయినప్పుడు ఆ పుణ్యం ఎవరిదన్నది తేలికగా తెగే ప్రశ్న కాదు.

ధర్మశాస్త్రం యజ్ఞకర్మను ఇష్టమనీ, బావులు, చెరువులు, తోటలు, అన్నసత్రాల వంటి లోకోపకారాన్ని పూర్తమనీ విడదీసి, రెండవదాని అధికారాన్ని ద్విజులకే పరిమితం చేయకుండా శూద్రులకూ ఇచ్చింది. దానానికి పుచ్చుకొనేవాడొకడు ఉండితీరాలి. వనాన్ని సర్వప్రాణులకూ వదిలిపెట్టే ఉత్సర్గంలో ప్రతిగ్రహీత అంటూ ఎవరూ ఉండరు. ఇచ్చినదాన్ని దాత తిరిగి అనుభవించరాదు గాని, ఉత్సర్గం చేసినవాడు తాను నాటించిన చెట్టు నీడన పదిమందిలో ఒకడిగా కూర్చోవచ్చు. స్వామ్యం పోతుంది, పేరు మాత్రం మిగులుతుంది. సూక్ష్మమైన చిక్కంతా ఇక్కడే ఉంది.

ఈ చిక్కును మన కాలపు తోటలోనూ చూడవచ్చు. హైదరాబాదులో కవాడిగూడ, దోమలగూడల నడుమ 76 ఎకరాల్లో పరచుకొన్న ఇందిరా పార్కుకు 1975లో అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ శంకుస్థాపన చేయగా, 1978లో అది ప్రజలకు తెరుచుకొంది. ఇక్కడ యజమాని, అంటే కర్మకర్త, ఎవరు? శిలాఫలకం మీద పేరున్నవారు సొంత సొమ్ము వెచ్చించలేదు, వెచ్చించినది ప్రజాధనం. కనుక వదులుకొన్నవారూ అనుభవించేవారూ ఒకరే అయిన అరుదైన ఉత్సర్గమిది. అదే నగరంలో, నాంపల్లిలోని నిజాముల నాటి ఉద్యానానికి ‘సర్వజనుల తోట’ అనే అర్థంలో బాగ్-ఎ-ఆమ్ అన్న పేరే ఉంది. ఇస్లాం పరంపరలోనూ ఇదే భావం ఉంది: ముస్లిం నాటిన చెట్టు పండును మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా అది నాటినవాడి ఖాతాలో దానమేనని హదీసు, అంటే ప్రవక్త బోధగా పరంపరగా వచ్చిన మాట, చెబుతుంది. ఉత్సర్గంలోని ‘సర్వప్రాణులు’ అన్న మాటకు ఇది ఎంత దగ్గరో వేరే చెప్పనక్కరలేదు.

పార్కు గేటు దగ్గర టికెట్టు పెట్టడం ఈ ధర్మానికి విరుద్ధమా అంటే, మొక్కలకు నీళ్లు పోయడానికీ మాలి జీతానికీ వసూలు చేసినంతవరకు కాదనే చెప్పాలి. కాని ఆ రుసుము కట్టలేని ఒక్క మనిషి గేటు దగ్గరే ఆగిపోయినా ఆ మేరకు ఉత్సర్గం చెడినట్లే.