కోరి చేపట్టిన వృత్తి చేదైనప్పుడు

కోరినది దొరకనప్పుడు మనస్సును ఎట్లు ఓదార్చుకొనవలెనో పెద్దలు ఎన్నో విధముల చెప్పియున్నారు. కోరినదే దొరికి, దొరికిన పిమ్మట అది చేదైనచో ఏమి చేయవలెననునది అంతకంటె చిక్కు ప్రశ్న. దొరకనివానికి ఇరుగుపొరుగువారి సానుభూతియైనను ఉండును. దొరికినవాడు నోరు విప్పితే, "ఇంత ఖర్చుపెట్టి చదివించినాము, ఇంకేమి కావలెను?" అందురు. తాతలనాటి అంగడిని తమ్మునికి విడిచి, వైద్యమో, ఇంజనీరింగో, చార్టర్డు అకౌంటెన్సీయో చదివిన యువకుడు ఉద్యోగములో రెండేండ్లు గడిపి రాత్రులు నిద్రపట్టక దొర్లుట ఈనాడు అనేక గృహములలో ఉన్న సంగతియే. పండుగకు ఇంటికి వచ్చినప్పుడు మాత్రము అందరితోను అంతయు బాగున్నదనియే చెప్పును.

ఆర్తధ్యానమును శాస్త్రకారులు నాలుగు విధములుగా చెప్పినారు. ఇష్టమైనది దూరమగుట, ఇష్టము కానిది దాపురించుట, బాధ, ఇకముందు ఫలానా సుఖము కావలెనను నిదానము - వీనిని పట్టుకొని మనస్సు కుములుటయే అది. వృత్తి చేదైనవాని విషయములో వింత యేమనగా, ఇష్టమైనదియు, ఇష్టము కానిదియు ఒకే వస్తువు. నిన్న దానికొరకు తపించినాడు. నేడు దానినుండి తప్పించుకొనుటకు తపించుచున్నాడు. వస్తువు మారలేదు, తపన ఆగలేదు. అంతలో "ఇది కాదు, ఆ వేరొక ఉద్యోగమైతే" అని నిదానము మరల మొలకెత్తును. దూరపు కొండలు నునుపన్న సామెత, ఒక కొండ ఎక్కి దిగినవానికి కూడ జ్ఞాపకముండదు.

గాంధీగారి బారిస్టరు వృత్తిలో ఈ చిక్కు అంతయు కనిపించును. ఆ కథతో జైనులకు చుట్టరికము కూడ కలదు. 1888లో ఆయన ఇంగ్లండు పోవునప్పుడు మద్యమును, మాంసమును, పరస్త్రీని ముట్టనని ప్రమాణము చేయించినవారు బేచర్జీ స్వామి అను జైన సాధువు.

ఆ కోరిక మొదట ఎవరిదో చూడవలెను. తండ్రి దివానుగిరీ చేసినవాడు. కుమారునికి కూడ ఆ పదవి రావలెనన్న, బారిస్టరు చదువు దగ్గర దారి యని సలహా చెప్పినవాడు కుటుంబమిత్రుడు మావ్జీ దవే. గాంధీగారు వైద్యము చదువవచ్చునా యని అడిగినారు. వైష్ణవులు శవములను కోయరాదని తండ్రి అభిప్రాయమని అన్నగారు చెప్పగా ఆ మాట అంతటితో ఆగినది. ఖర్చు అన్నగారైన లక్ష్మీదాసు భరించినారు. సముద్రము దాటినందుకు కులమువారు వెలివేసినారు. ఇందరి ఆశలు, ఇందరి అలుకలు మూటగట్టుకొని పోయిన పద్దెనిమిదేండ్ల వానికి తన కోరిక ఏదో, ఇంటివారి కోరిక ఏదో విడదీసి చూచుకొను వ్యవధి ఎక్కడిది?

1891 జూన్ 10వ తేదీన ఆయన బారిస్టరైనారు. లాటిను భాషలో రోమను ధర్మశాస్త్రము చదివినారు గాని, దావా అర్జీ వ్రాయుట తెలియదు. బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో ముప్పది రూపాయల ఫీజుకు ఒక స్త్రీ పక్షమున లేచి నిలుచున్నారు. సాక్షిని ప్రశ్నింపబోగా తల తిరిగినది, నోట మాట రాలేదు. ఫీజు తిరిగి ఇచ్చివేసి కూర్చున్నారు. నెలకు 75 రూపాయల బడిపంతులు పనికి పోగా, పట్టభద్రుడు కాదని త్రోసిపుచ్చినారు. హైకోర్టులో కూర్చుండి కునికిపాట్లు పడిన దినములును కలవు.

బొంబాయి బేరము సాగక రాజకోటకు మరలినారు. అక్కడ అర్జీలు వ్రాయుటవలన నెలకు సుమారు 300 రూపాయలు రాసాగినవి. కాని బొంబాయిలో ఎవరికిని కమీషను ఇయ్యనని పట్టుబట్టిన మనిషి, ఇక్కడ అన్నగారి మాట త్రోసివేయలేక ఇయ్యవలసివచ్చినది. బొంబాయిలో డబ్బు రాక వృత్తి చేదైనది. రాజకోటలో డబ్బు వచ్చియే చేదైనది. మొదటి చేదుకు మందు కలదు. పని నేర్చుకొనవచ్చును, సిగ్గు విడువవచ్చును. రెండవదానికి సామర్థ్యము పెరిగినందువలన మందు దొరకదు. నేటి యువకుడు కూడ తన చేదు ఏ జాతిదో ముందు తేల్చుకొనవలెను. పని రాక కలిగిన విసుగును ధర్మసంకటమని చెప్పుకొనువారు కలరు. ధర్మసంకటమును వట్టి విసుగని అణచుకొనువారు అంతకంటె ఎక్కువ మంది. ఇక వృత్తియే హింసామయమైనచో ఈ విచారణ యంతయు అనవసరము, దానిని విడువవలసినదే.

1893లో దాదా అబ్దుల్లా కంపెనీవారు ఏడాది పనికి 105 పౌండ్లు ఇచ్చి దక్షిణాఫ్రికాకు పిలిచినారు. అది బారిస్టరు హోదా కాదు, కంపెనీ నౌకరీ. పోయి చూడగా వ్యాజ్యమంతయు లెక్కలమీద నడచుచున్నది. ప్రామిసరీ నోటు అనగా ఏమో ఆయనకు తెలియదు. గుమాస్తాను అడిగి తెలిసికొన్నారు. గల్లాపెట్టె ప్రక్కన పెరిగిన పిల్లవానికి తెలిసిన మాట లండను బారిస్టరుకు తెలియలేదు! ఆయన చిన్నతనపడక, పద్దులు వ్రాయు విధానముపై పుస్తకము కొని చదివినారు.

దావా మొత్తము 40,000 పౌండ్లు. ఉభయులును బంధువులు, ఒకే ఊరివారు. వకీళ్ల ఫీజులు ఇరుపక్షములను తినివేయుచున్నవి. గాంధీగారు ఇద్దరిని మధ్యవర్తి తీర్పుకు ఒప్పించినారు. 37,000 పౌండ్లును ఖర్చులును చెల్లింపవలెనని దాదా అబ్దుల్లాకు అనుకూలముగా తీర్పు వచ్చినది. ప్రతివాది తయ్యబ్ సేట్ ఒక్కసారిగా చెల్లింపలేడు. దివాలా తీయుటకంటె చావు మేలనుకొను వర్తకుడు. పుచ్చుకొనువానిని సుదీర్ఘ వాయిదాలకు ఒప్పించుట మధ్యవర్తికి ఒప్పించుటకంటె కష్టమైనది. ఆ దినమున వకీలు పని యెట్టిదో తనకు తెలిసినదని ఆయన వ్రాసినారు. చట్టము మారలేదు, బారిస్టరు పట్టా మారలేదు. దానితో చేయదగిన పని దొరికినది. అట్లని, ఓర్చుకొన్న ప్రతివానికి ఒక డర్బను ఓడ వచ్చునని చెప్పుట వంచన. 1892లో రాజకోటలో అర్జీలు వ్రాయుచున్నవానికి ఏ ఓడయు కనిపింపలేదు.

ఓడ రానివారికి రాయచంద్‌భాయి మార్గము దగ్గరగా ఉన్నది. 1891లో ఇంగ్లండు నుండి తిరిగివచ్చిన గాంధీగారికి బొంబాయిలో పరిచయమైన ఈ శ్రావకుడు శతావధాని. ఇరువదేండ్లు నిండకముందే బొంబాయి సభలో మెప్పుపొంది, తరువాత ఆ ప్రదర్శనలను మానివేసినాడు. అవధానమనగా ప్రాణమిచ్చు తెలుగువారికి ఇది నమ్మశక్యము కాని మాట. ముత్యములు, వజ్రముల వ్యాపారము మాత్రము చేయుచునే ఉన్నాడు. బేరము ముగియగానే బల్లమీది ధర్మగ్రంథమో, తన దినచర్య పుస్తకమో తెరచెడివాడు. ముత్యములు ఇయ్యగలిగినదానినే ముత్యముల నుండి పుచ్చుకొన్నాడు. మోక్షమును వాటిని అడుగలేదు, అది ఇయ్యలేదని వాటిపై అలుగను లేదు.

మిగిలినది చదివించినవారి ఖాతా. దక్షిణాఫ్రికాలో సంపాదన బాగుపడిన తరువాత గాంధీగారు అన్నగారికి, అంతవరకు మిగిలినదంతయు పంపితిననియు, ఇకముందు మిగులునది ప్రజలకేననియు వ్రాసినారు. అన్నగారు నొచ్చుకొని ఉత్తరములు మానినారు. ఆయన పక్షమున న్యాయము లేదనరాదు. పెట్టుబడి పెట్టినది ఆయన, కులముతో మాటపడినది ఆయన. తమ్ముడు లెక్క చెప్పకుండ తప్పించుకొనలేదు. ఇంతవరకు ఇది, ఇకపై ఇది కాదు అని గీత గీసి చూపినాడు. ఏండ్ల తరబడి ఆ మౌనమును భరించినాడు. లక్ష్మీదాసు 1914లో గతించినారు. అంతకుముందు, చివరి దినములలో, తమ్ముడు చేసినదే సరియైనదని క్షమాపణతో ఉత్తరము వ్రాసి, తన కుమారులను అతనికి అప్పగించినారు.