బొమ్మనీ మాటనీ విడదీయనివ్వకు

అమ్మడూ,

నీ పుస్తకం డమ్మీ మొదటి నుంచి చివరి దాకా చూశాను. జూన్ నుంచి అక్టోబరు దాకా ధవళేశ్వరం దగ్గర గోదావరి ఎలా లేస్తుందో, ఎలా దిగుతుందో ఒక్క నీలం గీతలో వేశావే, ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పిల్లలకు బొమ్మతో ఆలోచించడం నేర్పాలంటే అలాగే నేర్పాలి. ప్రెస్సువాళ్లు మాత్రం రంగుల బొమ్మలన్నీ ఒక్క ఫారంలోకి చేర్చి, ఆర్ట్ పేపరు మీద వేసి, పుస్తకం మధ్యలో పెడతామంటున్నారని, ఖర్చు బాగా కలిసొస్తుందని రాశావు. సరేననాలా వద్దా అని అడిగావు. వద్దమ్మా.

మన దగ్గర ఆ పద్ధతి పాతదే. జీవిత చరిత్రల్లో ఫొటోలకు అది చాలు. నీ పుస్తకానికి చాలదు. వరద గీత ఒకచోట, దాన్ని ఎలా చదవాలో చెప్పే మాట నలభై పేజీల అవతల ఉంటే పిల్లవాడు కాసేపు వేలు అడ్డం పెట్టుకుని అటూ ఇటూ తిప్పుతాడు, తర్వాత బొమ్మలు మాత్రం చూసి మూసేస్తాడు. నువ్వు నేర్పాలనుకున్నది అక్కడే పోతుంది.

బొమ్మా మాటా ఒకేచోట ఉండాలన్న పట్టుదల కోసం ఇంటిని రెండోసారి తాకట్టు పెట్టిన మనిషి ఒకాయన ఉన్నాడు. అమెరికాలో ఎడ్వర్డ్ టఫ్టీ. యేల్ విశ్వవిద్యాలయంలో గణాంకశాస్త్రం, రాజనీతిశాస్త్రం చెప్పిన ప్రొఫెసర్. అంకెలను బొమ్మలుగా ఎలా చూపాలన్న దాని మీద పుస్తకం రాశాడు. తను కోరినట్టు అచ్చువేయడానికి ప్రచురణకర్తలు కుదరకపోతే గ్రాఫిక్స్ ప్రెస్ అని తనే ఒక సంస్థ పెట్టుకుని, హోవర్డ్ గ్రాల్లా అనే డిజైనర్ పక్కన కూర్చుని పేజీ తర్వాత పేజీ కూర్చుకున్నాడు. 1983లో ‘ద విజువల్ డిస్‌ప్లే ఆఫ్ క్వాంటిటేటివ్ ఇన్ఫర్మేషన్’ వచ్చింది. 2020 దాకా ఆ వరసలో వచ్చిన మిగతా పుస్తకాలనూ తనే వేసుకున్నాడు.

ఆ మొదటి పుస్తకంలో ఒక బొమ్మ ఉంది, నువ్వు తప్పక చూడాలి. ఫ్రాన్సులో షార్ల్ మినార్ అనే ఇంజనీరు 1869లో, ఎనభై ఎనిమిదేళ్ల వయసులో గీసింది. 1812లో నెపోలియన్ సైన్యం మాస్కో వెళ్లి తిరిగొచ్చిన దారి అది. పదివేల మందికి ఒక మిల్లీమీటరు చొప్పున పట్టీ వెడల్పు పెట్టాడు. నేమన్ నది దగ్గర 4,22,000 మందితో నాలుగు సెంటీమీటర్లకు పైగా ఉన్న పట్టీ, మాస్కో చేరేసరికి లక్షకు చిక్కిపోతుంది. తిరుగుదారి నల్లగా వేశాడు. బెరెజినా నది దాటే చోట ఆ నలుపు 50,000 నుంచి 28,000కు ఒక్కసారిగా కుంగుతుంది. చివరికి మిగిలింది పదివేల మంది, అంటే ఒక్క మిల్లీమీటరు. కింద చలి ఎంతో చూపే గీత. అంకెలు పట్టీ పక్కనే ఉన్నాయి, నదుల పేర్లు నదుల మీదే ఉన్నాయి. కన్ను ఎక్కడికీ పరుగెత్తక్కర్లేదు. నీ గోదావరి గీత మీద కూడా నీటిమట్టాలు గీత పక్కనే రాయి. మూలన పెట్టిన సూచిక తీసెయ్యి.

సొంతంగా వేసుకోవడం చిన్నతనమని ఎవరైనా అంటే నొచ్చుకోకు. లండన్లో విలియం బ్లేక్ 1789లోనే తన పద్యాలనూ బొమ్మలనూ ఒకే రాగిరేకు మీదికి ఎక్కించి, భార్య క్యాథరిన్ సాయంతో అచ్చొత్తి, చేత్తో రంగులు వేసి అమ్ముకున్నాడు. రేకు మీద అక్షరాలు తిరగేసి రాయాల్సొచ్చేది. బతికుండగా ఆయన అమ్మింది కొద్ది ప్రతులే. అయినా ఆ పుస్తకాల్లో పద్యాన్నీ బొమ్మనీ వేరు చేసి ఇంకొకరికి అప్పజెప్పలేదు.

ఇల్లు మాత్రం తాకట్టు పెట్టకమ్మా. ప్రతులు తగ్గించుకో. ప్రతి పేజీలో నాలుగు రంగులు భరించలేకపోతే నలుపూ నీలమూ రెండు చాలు. ఒట్టి గీతతో ఎంత చెప్పవచ్చో బాపుగారు మనందరికీ చూపించి వెళ్లారు. డబ్బు మిగిలితే కుట్టు బైండింగుకు పెట్టు. జిగురుతో అతికిన పుస్తకం పూర్తిగా తెరుచుకోదు, రెండు పేజీల మీద పరచిన నీ నది మధ్యలో మడతలోకి పోతుంది. బొమ్మల కింద వ్యాఖ్యలు మరీ చిన్న సైజులో పెట్టారు, వొత్తులు కింది వరసలోని గుడులకు తగులుతున్నాయి. ఇంగ్లీషు పుస్తకం కొలతలు తెలుగుకు పనికిరావు. వరసల మధ్య ఇంకొంచెం చోటు ఇవ్వమని గట్టిగా చెప్పు. రంగును స్క్రీన్ మీద చూసి ఊ అనకు, అచ్చయ్యే కాగితం మీదే ప్రూఫు అడుగు.

ఇక రాబోయే కాలంలో కాగితం పుస్తకం ఎవరు చదువుతారన్నావు. కథలు, నవలలు ఫోనులో హాయిగా చదువుకుంటారు, చదవనీ. కానీ ఈబుక్కులో చదివేవాడు అక్షరం పెద్దది చేసుకోగానే పేజీలు మారిపోతాయి, బొమ్మ తన మాటను వదిలి ఎక్కడికో జారుతుంది. పీడీఎఫ్‌లో జారదు గానీ, చిన్న తెర మీద సగం బొమ్మే కనబడుతుంది. రెండు పేజీలు ఒక్క చూపులో పరిచి పెట్టడం అచ్చు పుస్తకానికి ఉన్న బలం. నీలాంటి పుస్తకాలకు కాగితం మీద ఇంకా చాలా ఆయుష్షు ఉందని నా గట్టి నమ్మకం. అలాగని ఫైళ్లను నిర్లక్ష్యం చేయకు. పాత ఫాంట్లలో కంపోజు చేసింది రేపు ఏ కంప్యూటరూ చదవకపోవచ్చు. యూనికోడ్ ప్రతి ఒకటి, బొమ్మల అసలు ఫైళ్లు నీ దగ్గర ఉండి తీరాలి.

ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితం, రచయితలే తీసుకోవచ్చు. ప్రచురణకర్తవు కూడా నువ్వే కాబట్టి 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వచ్చిన ముప్పై రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరాకు, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి నీ ఖర్చుతో పంపాలి. మనవాళ్లు చాలామంది ఈ పని చేయరు. నువ్వు చెయ్యి. మీ ఊరి శాఖా గ్రంథాలయానికి కూడా ఒక ప్రతి నువ్వే స్వయంగా వెళ్లి ఇవ్వు.

ఆశీస్సులతో,
మావయ్య