నిందితులతో సంధి

సంధికి కూర్చోవలసిన నాయకుల మీదే హింస మరక ఉంటే, వాళ్లకు పదవులు పంచి యుద్ధం ఆపడం ధర్మమేనా? 2008 ఆరంభంలో కెన్యాలో ఈ ప్రశ్నకు తీరిగ్గా జవాబు వెతికే వ్యవధి ఎవరికీ లేదు. 2007 డిసెంబరు 30న అధ్యక్ష ఎన్నికల్లో మ్వాయి కిబాకీ గెలిచారని ప్రకటించి, చీకటి పడేవేళకు హడావిడిగా ప్రమాణం చేయించేశారు. లెక్కింపులో మోసం జరిగిందని ప్రత్యర్థి రైలా ఒడింగా పక్షం భగ్గుమంది. ఓట్ల తగువు చూస్తుండగానే తెగల తగువైంది. భూముల మీది పాత పగలు దానికి తోడయ్యాయి. జనవరి 1న ఎల్డొరెట్ దగ్గర కియంబా చర్చిలో తలదాచుకున్న, కిబాకీ తెగవారైన కికుయులను, అందులోనూ ఎక్కువగా ఆడవాళ్లను, పిల్లలను, చర్చితో సహా తగలబెట్టారు. నెలాఖరుకు నైవాషాలో ఒడింగా తెగవారైన లువోల వంతు వచ్చింది. మొత్తం 1,100 మందికి పైగా చనిపోయారు, లక్షలమంది ఇల్లూ పొలమూ వదిలి పారిపోయారు.

జనవరి 22న మధ్యవర్తిగా నైరోబీలో దిగిన కోఫీ అన్నన్, ముందుగా నేరస్థులెవరో తేల్చే పని పెట్టుకోలేదు. 1994లో రువాండా మారణహోమం నాటికి ఐక్యరాజ్యసమితి శాంతిపరిరక్షక విభాగానికి అధిపతి ఆయనే. ఆలస్యం ఖరీదెంతో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. చర్చల్లో హింస ఆపడం మొదటి అంశం, బాధితులకు సాయం రెండోది, అధికారం ఆ తర్వాతే. భూమి, రాజ్యాంగం వంటి మూలకారణాలు చివర. ప్రతినిధులు సాగదీస్తుంటే బేరం వాళ్ల చేతుల్లోంచి తీసేసి, అప్పటి టాంజానియా అధ్యక్షుడు కిక్వెటేతో కలిసి ఇద్దరు నాయకులనూ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. ఫిబ్రవరి 28న సంతకాలయ్యాయి: కిబాకీ అధ్యక్షుడు, ఒడింగా ప్రధాని. మహాభారతం ఉద్యోగపర్వంలో, దుర్మార్గుల దగ్గరికి ఎందుకొచ్చావని విదురుడు మందలిస్తే కృష్ణుడిచ్చిన జవాబు కూడా ఈ దారిదే: అకార్యానికి దిగిన మిత్రుణ్ణి జుట్టు పట్టుకునైనా వెనక్కి లాగాలి, ఫలించకపోయినా ప్రయత్నించినవాడికి నింద అంటదు. రాయబారం పద్యాలకు వన్స్‌మోర్ కొట్టే మనం ఈ మాటను అంతగా పట్టించుకోం.

హింసకు పదవిని బహుమానంగా ఇస్తే రేపు ఓడినవాడు కత్తి తీయడా అంటారు. బలమైన అభ్యంతరమే. అయితే పదవి వేరు, క్షమ వేరు. పదవి పంచుకునే హక్కు నాయకులకుంది. చచ్చిపోయినవాళ్ల తరఫున క్షమించే హక్కు వాళ్లకూ లేదు, మధ్యవర్తికీ లేదు. కెన్యా చర్చల్లో మూకుమ్మడి క్షమాభిక్ష ఇవ్వలేదు, నా దృష్టిలో అసలు విషయం అదే. ఆ చర్చల ఫలితంగా ఏర్పడిన వాకీ కమిషన్ హింసపై విచారణ జరిపి, అనుమానితుల పేర్లను కవర్లో పెట్టి సీలు వేసి అన్నన్‌కిచ్చింది. ప్రత్యేక న్యాయస్థానం ఏర్పాటుకు పార్లమెంటు ఒప్పుకోకపోయేసరికి 2009లో ఆయన ఆ కవరును అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ప్రాసిక్యూటర్‌కు అప్పగించారు. కానీ అక్కడ నిందితులైన ఉహురు కెన్యాట్టా, విలియం రూటో జోడీ కట్టి 2013 ఎన్నికల్లో గెలిచారు. సాక్షులు వెనక్కి తగ్గారు. ఒక కేసు 2014లో, మరొకటి 2016లో ఎవరికీ శిక్ష పడకుండానే ముగిశాయి. సంధి దండగన్నదానికి ఇదే రుజువంటారు. కానీ సంధి న్యాయాన్ని వాయిదా వేసింది, రద్దు చెయ్యలేదు. ఎగ్గొట్టింది తర్వాత వచ్చిన రాజకీయం. యుద్ధం ముదిరి ఉంటే ఆ కవరుకు పేర్లు సేకరించే కమిషనే ఉండేది కాదు. కియంబా కుటుంబాలకు ఈ వాదన ఊరటనివ్వదు, ఇవ్వాలని అడగనూ కూడదు.