చూపు ఆనని పెద్దమనిషి

వాక్యభాగము: 2 పేతురు 1:5–9



ఈ మధ్య మనుమలతో కూర్చుని ఒక పాత అమెరికా కార్టూను చిత్రం చూశాము. పేరు ‘వెన్ మాగూ ఫ్లూ’. 1954వ సంవత్సరపు కార్టూను చిత్రాలలో ఆస్కారు బహుమానం పొందినది. మాగూ అనే ముసలాయనకు చూపు ఆనదు. ఆ సంగతి ఒప్పుకోడు. సినిమాకని బయలుదేరి, హాలు అనుకుని విమానం ఎక్కుతాడు. ఎగిరే విమానం రెక్కమీద నడిచి క్షేమంగా లోపలికి వస్తాడు. చివరకు, సినిమా బాగున్నది గాని ఆ చూపు ఆనని ముసలివాని కార్టూను కూడా వేసియుంటే బాగుండేదంటాడు! పిల్లలు పకపక నవ్వారు. మేమూ నవ్వాము. ఆ రాత్రి మాత్రం మాకు నిద్ర పట్టలేదు.

హ్రస్వదృష్టి గలవానికి సాధారణంగా కనుగుడ్డు కొంచెం పొడవుగా ఉంటుంది. అందుచేత దూరపు వస్తువు రూపం కంటి వెనుక తెరమీద పడక, దాని ముందే పడుతుంది. దగ్గరివి తేటగా, దూరానివి మసకగా కనబడతాయి. చిన్ననాటి నుండి అట్లే చూచినవాడు లోకమే మసక అనుకుంటాడు.

మేము బడిపంతులుగా ఉన్న దినములలో వెనుక బెంచీ పిల్లవాడొకడు నల్లబల్లమీది లెక్కలు తప్పుగా ఎక్కించుకునేవాడు. అశ్రద్ధ అనుకుని బెత్తముతో కొట్టాము. కొన్ని నెలలకు తల్లి వానికి కళ్లద్దాలు పెట్టించింది. మరునాడు వాడు, “సార్, చెట్టు ఆకులు ఇక్కడనుండే విడివిడిగా కనబడుతున్నాయి” అన్నాడు. కంటి జబ్బు వానిది, గ్రుడ్డితనము మాది. వానిని క్షమాపణ అడిగే ధైర్యము ఆనాడు మాకు లేకపోయింది.

విశ్వాసమునకు సద్గుణము, జ్ఞానము, సహనము, సహోదరప్రేమ, దయ మొదలైనవి అమర్చుకొనని విశ్వాసిని పేతురు దూరదృష్టి లేనివానితో పోల్చాడు. తన పాపములు కడుగబడిన సంగతి వాడు మరచిపోయాడట. తాను క్షమింపబడినది మరచినవానికి ఎదుటివాని తప్పులే కనబడతాయి.

మన సంఘములలో చూడండి. మన పిల్లలు బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో చదువుతున్నారు. గుడిలో తెలుగు బైబిలు చదువుతూ తడబడితే, “వీరికి భక్తి లేదు” అంటున్నాము. ప్రక్కన కూర్చుని, “ఏ అక్షరం రాలేదు నాయనా?” అని ఎన్నడైనా అడిగామా?

బేత్సయిదా గ్రుడ్డివాడు మొదట, మనుష్యులు చెట్లవలె కనబడుతున్నారని దాచక చెప్పాడు (మార్కు 8:22–25). ప్రభువు మరల చేతులుంచగా తేటగా చూశాడు. పెద్దలమైన మనము కూడా, “ప్రభువా, మాకింకా మసకగానే ఉన్నది” అని ఒప్పుకొందము. వచ్చే ఆదివారము ఒక బిడ్డ ప్రక్కన కూర్చుందము.

ప్రభువు మన కన్నులు తెరచును గాక. ఆమేన్.