నడుము ఎముక అతికేదాక

బిడ్డా,

నడుము ఆపరేషన్ కుట్లు మానినయి, కాలు గుంజుడు తగ్గింది, ఇగ చేనుకు పోత అంటున్నవట. జర ఆగు. మానింది పైతోలే. నడుముల నాలుగో పూసకూ ఐదో పూసకూ మధ్యల పెట్టిన ఎముక ముక్కలల్లకు రక్తనాళాలు పాకాలె, కొత్త ఎముక పుట్టాలె, రెండు పూసలు ఒక్కటి కావాలె. దానికి ఆర్నెల్లు పడుతది, ఒక్కోసారి ఏడాది దాటుతది. స్లాబు గట్టిపడేదాక సెంట్రింగు మోసినట్టు, అందాక స్క్రూలూ రాడ్లూ నీ నడుమును మోస్తయి. ఎముక అతకకపోతే ఎంత ఖరీదు రాడ్డయినా ఏదో ఒకనాడు వదులైతది, లేకుంటే విరుగుతది.

నాకున్న పెద్ద భయం నీ బీడీ గురించే. నికోటిన్ రక్తనాళాలను ముడుచుకపోయేటట్టు చేస్తది, ఎముక కట్టే కణాలను మందగిస్తది. 1986ల అమెరికాల అచ్చయిన ఒక అధ్యయనం చూడు: ఇట్లాంటి ఆపరేషనే అయినోళ్లల్ల, పొగ తాగేటోళ్లల్ల నూటికి 40 మందికి అతకలేదు, తాగనోళ్లల్ల నూటికి 8 మందికే అతకలేదు. బీడీ మాని గుట్కా, జర్దా నములుతనంటే ఒప్పుకోను, నికోటిన్ వాటిల్ల కూడ ఉంటది. ఆపరేషన్ అయినంక మానినా మేలే, అందుకే ఇయ్యాల్నే మాను. కల్లు కూడ పక్కన పెట్టు.

షుగరు అదుపుల పెట్టుకో. నొప్పి లేచిందని ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫినాక్ సూదులు వేయించుకోకు. మొదటి నెలలల్ల ఆ జాతి మందులు ఎక్కువైతే అతుకుడు నెమ్మదిస్తదని డాక్టర్లకు అనుమానం. పేరు తెలియని పొడులు అసలే వద్దు. వాటిల్ల స్టెరాయిడ్ కలిపితే ఎముక గుల్లయితది.

మక్తల్ ఎండల పెరిగినోనికి డి విటమిన్ ఎందుకు తక్కువైతదని నవ్వకు. మన దగ్గర చానమందికి తక్కువే ఉంటున్నది, డాక్టర్ను అడిగి పరీక్ష చేయించుకో. గుడ్డు, పాలు, రాగులు, మన కందిపప్పు కడుపునిండ తిను.

మంచం పట్టి ఉండకు, నడక మంచిది. పొద్దుగాల పడమటి ఆంజనేయస్వామి గుడిదాక మెల్లగ పోయిరా. వంగుడు, నడుము తిప్పుడు, బరువెత్తుడు మాత్రం డాక్టర్ సరే అనేదాక వద్దు. 45 కిలోల యూరియా బస్తా దిక్కు చూడనే చూడకు. జ్వరమొచ్చినా, కుట్ల కాడ చీము కారినా, కాలు చచ్చుబడ్డా, మూత్రం ఆగినా తెల్లారేదాక చూడకుండ దవాఖానకు పో.

నొప్పి లేదని ఎక్సరే ఎగ్గొట్టకు. అతకకున్నా కొందరికి నొప్పి తెలువది. డాక్టర్ ఫిలిం చూసి అతికిందన్నరోజు నాకు ఫోన్ చెయ్యి. అప్పటిదాక బస్తాలు నీ తమ్ముడు మోస్తడు, వానితోని నేను మాట్లాడిన.